సియాటిల్ తీరంలో క్లాములు, ఆయిస్టర్లు, మసల్స్: ఎప్పుడు వెళ్లాలి, ఎలా తియ్యాలి

సియాటిల్ చుట్టుపక్కల తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఎండలు రాగానే ఒక ప్రశ్న మొదలవుతుంది: "హుడ్ కెనాల్ వెళ్తే క్లామ్స్ మనమే తవ్వుకోవచ్చటగా, ఏ నెల మంచిది?" హుడ్ కెనాల్ అంటే సియాటిల్‌కు పడమర ఉన్న సముద్రపు పాయ. ఇది నెల పేరు చెబితే తేలిపోయే సంగతి కాదు. నాలుగు కలిసిరావాలి. నీళ్లు బాగా వెనక్కి తియ్యాలి, అదీ పగటిపూట. ఆ బీచికి ప్రభుత్వం పెట్టిన సీజన్ నడుస్తుండాలి. గుల్లల్లో (క్లాములు, ఆయిస్టర్లు, మసల్స్ అన్నీ గుల్లలే) విషం లేదని ఆరోగ్య శాఖ చెప్పాలి. చివరిది, అందరూ మర్చిపోయేది: గుల్లలో కండ నిండుగా ఉండాలి. ఈ నాలుగూ ఎక్కువగా ఒకచోట కుదిరేది ఏప్రిల్, మే నెలల్లో. జూలై, ఆగస్టుల్లో బీచిలు జనంతో కిటకిటలాడతాయి గానీ, తినడానికి అది నాసిరకం సీజన్. కారణాలు ముందుకెళ్లేకొద్దీ మీకే తెలుస్తాయి.

ఈ తీరం అసలు మనుషులు ఎలా చేసేవారు

స్కోకోమిష్, స్క్లాలం, సుక్వామిష్, స్వినోమిష్, లమ్మీ వంటి తెగలవాళ్లు వేల ఏళ్లుగా ఈ ఇసుక మీద బతికారు. వాళ్లకు క్లాముల పెద్ద పని చలికాలంలో. వేసవిలో, శరత్తులో సాల్మన్ చేపల మీద ఉండేవారు. చలికాలంలో వేరే తాజా తిండి తక్కువ, నీళ్లు చల్లగా ఉంటాయి, క్లాము గట్టిగా ఉంటుంది. అయితే ఇక్కడ చలికాలపు పెద్ద ఆటు (నీళ్లు వెనక్కి తియ్యడం) రాత్రిపూటే వస్తుంది. అందుకని కాగడాలు పట్టుకుని వెళ్లేవారు. ఎక్కువగా ఆడవాళ్లు, పిల్లలు తవ్వేవారు. పనిముట్టు ఒక కొయ్య గునపం: యూ చెట్టుదో, ఇనుములా గట్టిగా ఉండే ఓషన్‌స్ప్రే పొద కొయ్యదో. మోసుకెళ్లడానికి సందులున్న అల్లిక బుట్ట. దాన్ని నీళ్లలో నాలుగుసార్లు జాడిస్తే ఇసుకంతా దిగిపోతుంది. అక్కర ఉన్నంత తినేసి, మిగిలినవి ఆవిరి మీద ఉడికించి, పుల్లలకు గుచ్చి పొగ మీద ఎండబెట్టేవారు. ఎండిన క్లాములు దూరాలకు వ్యాపారానికి వెళ్లేవి.

వాళ్లు కేవలం ఏరుకునేవాళ్లు అనుకుంటే పొరపాటే. ఒడ్డు వాలు ఎక్కువగా ఉన్నచోట, బాగా దిగువ ఆటు గీత దగ్గర బండరాళ్లు పేర్చి చిన్న గోడ కట్టేవారు. అలలు తెచ్చే ఇసుక, గుల్లల నలుసు గోడ వెనక చేరి నేల చదునయ్యేది. క్లాములకు కావలసిన ఎత్తులో కావలసినంత మడి తయారు. వీటినే ఇప్పుడు క్లాం గార్డెన్స్ అంటున్నారు. బ్రిటిష్ కొలంబియాలోని క్వాడ్రా దీవిలో కొన్ని గోడలు కనీసం 3,500 ఏళ్ల నాటివని 2019లో వచ్చిన పరిశోధన తేల్చింది. అదే దీవిలో అంతకుముందు, 2014లో లెక్క కట్టినప్పుడు గోడ లేని తీరాలకంటే గోడ ఉన్నచోట బటర్ క్లాములు అనే రకం నాలుగింతలు, లిటిల్‌నెక్ అనే రకం రెండింతలకు పైగా దొరికాయి. అమెరికా వైపు స్వినోమిష్ తెగ 2022లో కుకుటాలీ దగ్గర ఇలాంటి గోడను కొత్తగా కట్టింది.

మడిలో వాళ్లు పాటించిన పద్ధతి మూడు ముక్కల్లో చెప్పొచ్చు: తరచూ మట్టి తిరగెయ్యడం, పెద్దవి తీసి చిన్నవి వదలడం, పెంకుల్ని మళ్లీ ఒడ్డుకే ఇవ్వడం. ఈనాటి రాష్ట్ర నిబంధనల్లో కొలత పట్టడం, గొయ్యి పూడ్చడం, ఆయిస్టర్ పెంకు వదిలిరావడం లాంటివి చూసినప్పుడు ఈ మూడూ గుర్తొస్తాయి.

ఇంకో సంగతి తెలిస్తే సీజన్ల గజిబిజి అర్థమవుతుంది. 1850లలో అమెరికా ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందాల్లో ఈ తెగలు భూమి వదులుకున్నాయి గానీ చేపలు, గుల్లలు పట్టే హక్కు ఉంచుకున్నాయి. 1974లో జడ్జి బోల్ట్ చేపల్లో సగం వాటా వాళ్లదని తీర్పిచ్చాడు. 1994లో జడ్జి రఫీడీ గుల్లలకూ అదే లెక్క అన్నాడు. అందువల్ల ఏటా ఒక్కో బీచిలో ఎన్ని ఉన్నాయో లెక్కబెట్టి వాటాలు వేస్తారు. తెగలవాళ్లది పోను మామూలు జనానికి మిగిలే వాటాకు తగ్గట్టు ఆ బీచి సీజన్ పొడుగు తేలుతుంది. ఒకచోట ఏడాదంతా, పక్కబీచిలో ఆరు వారాలు అంటే అదే కారణం.

మొదట ఆటుపోట్లు చూడండి

మన పంచాంగం ఇక్కడా పనికొస్తుంది. పున్నమికీ అమావాస్యకీ ఆ చుట్టుపక్కల నాలుగైదు రోజులు నీళ్లు బాగా తీస్తాయి, అష్టమి ప్రాంతంలో పెద్దగా తియ్యవు. క్యాలెండర్‌లో వారాంతాలు గుర్తు పెట్టుకోవడానికి ఈ మాత్రం చాలు. గంటా నిమిషం కావాలంటే మాత్రం నోవా (NOAA, అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ) ఆటుపోట్ల పట్టికే చూడాలి. సియాటిల్ టైము చూసి హుడ్ కెనాల్ వెళ్లకండి, ఆ బీచికి దగ్గరి ఆటుపోట్ల కొలత స్టేషన్‌ది తీసుకోండి.

పట్టికలో ఎత్తు అడుగుల్లో ఉంటుంది. సున్నా అంటే రోజుకు రెండుసార్లు వచ్చే ఆటుల్లో బాగా తగ్గేదాని సగటు. మైనస్ రెండు అంటే దానికంటే రెండడుగులు ఇంకా దిగువకు నేల బయటపడుతుందన్నమాట. "మైనస్ లేకపోతే వెళ్లడం దండగ" అని చాలామంది చెబుతారు గానీ అది అన్నిటికీ వర్తించదు. మనీలా రకం క్లాములు, ఆయిస్టర్లు ఒడ్డుకు ఎగువన ఉంటాయి, ప్లస్ రెండు ఆటు కూడా వాటికి ధారాళం. బటర్ క్లాములు, కాకిల్స్ అనే మరో రకం కావాలంటేనే సున్నా, మైనస్ చూసుకోవాలి.

మార్చి చివర నుంచి సెప్టెంబరు దాకా మంచి ఆటు పగలు వస్తుంది, తర్వాత రాత్రికి మారిపోతుంది. ఆటు సమయానికి గంటన్నర ముందే బీచి మీద ఉండాలి. వెనక్కి వెళ్తున్న నీళ్ల వెంట దిగుతూ పని చేసుకుని, నీళ్లు తిరగగానే పైకి రావాలి. ఆటు మరునాడు ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కాబట్టి శనివారం కుదరకపోతే ఆదివారం ఇంకాస్త తీరికగా బయల్దేరొచ్చు.

బీచి, లైసెన్సు, లెక్కలు

ఇక్కడ కనబడ్డ ఒడ్డల్లా ప్రజలది కాదు. రాష్ట్రం ఏర్పడ్డ 1889 నుంచి 1971 దాకా ఆటుపోట్ల మధ్య నేలను ప్రభుత్వం ప్రైవేటువాళ్లకు అమ్ముతూ వచ్చింది. అందుకే సగానికి పైగా తీరం ఎవరిదో ఒకరిది. పబ్లిక్ బీచిలో తవ్వుతూ పక్కన ఆయిస్టర్ ఫారంలోకి అడుగు పెట్టినా దొంగతనమే. బోర్డులు, కర్రలు ఎక్కడున్నాయో ముందే చూసుకోండి. కొత్తవాళ్లకు హుడ్ కెనాల్‌లో పాట్‌లాచ్, ట్వానో, డోసివాలిప్స్ స్టేట్ పార్కులు బాగుంటాయి. కారు నిలపడానికి డిస్కవర్ పాస్ (స్టేట్ పార్కుల పార్కింగ్ పాస్) కావాలి.

పదిహేనేళ్లు, ఆ పైన వయసున్న ప్రతి ఒక్కరికీ షెల్‌ఫిష్ లైసెన్సు ఉండాలి, అదీ పైకి కనబడేలా తగిలించుకోవాలి. తల్లిదండ్రులు ఇండియా నుంచి వచ్చి "ఊరికే సాయం చేస్తాం" అన్నా సరే, చెయ్యి పెడితే లైసెన్సు కావాల్సిందే. ఎవరి వాటా వాళ్లే తవ్వాలి, ఎవరి బకెట్ వాళ్లదే. నలుగురివీ ఒకే బకెట్లో వేసి "మా నలుగురివి" అంటే అధికారి ఒప్పుకోడు.

ఒక మనిషికి రోజుకు: క్లాములు (రేజర్ లాంటి విడి లెక్క ఉన్నవి కాక) అన్ని రకాలూ కలిపి 40, అవీ పెంకుతో 10 పౌండ్లు మించకూడదు. మనీలా, లిటిల్‌నెక్, బటర్, కాకిల్ రకాలు అంగుళంన్నర కంటే చిన్నవైతే వదిలెయ్యాలి. ఆయిస్టర్లు 18, కనీసం రెండున్నర అంగుళాలు. మసల్స్ పెంకుతో 10 పౌండ్లు. ఈ అంకెలు, సీజన్ తేదీలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే రోజు రాష్ట్ర ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ సైటులో ఆ బీచి పేజీ తెరిచి చూడాలి.

విషం సంగతి

ఈ ఒక్క భాగం మాత్రం గబగబా చదివి దాటెయ్యకండి.

1793 జూన్‌లో కెప్టెన్ జార్జ్ వాంకూవర్ మనుషులు కొందరు ఇప్పటి బ్రిటిష్ కొలంబియా తీరంలో ఒకచోట ఆగి, పొద్దున ఫలహారానికి మసల్స్ కాల్చుకుని తిన్నారు. కాసేపటికే పెదాలు, వేళ్లు తిమ్మిరెక్కాయి. జాన్ కార్టర్ అనే నావికుడు ఆ మధ్యాహ్నమే చనిపోయాడు. ఆ చోటికి పాయిజన్ కోవ్ అనే పేరు ఇప్పటికీ ఉంది. వాళ్లను పట్టింది సాక్సిటాక్సిన్ అనే విషం. నీళ్లలో పెరిగే ఒక రకం సూక్ష్మ నాచు దాన్ని తయారుచేస్తుంది, గుల్లలు ఆ నాచును వడగట్టి తింటాయి. గుల్లకు ఏమీ కాదు. దాన్ని తిన్న మనిషికి నరాల సంకేతాలు ఆగిపోతాయి, ముదిరితే ఊపిరి తీసే కండరాలు పనిచెయ్యవు. విరుగుడు మందు లేదు, ఆసుపత్రిలో ఊపిరి అందించి నిలబెట్టడమే.

ఉడికిస్తే పోదు. ఫ్రీజ్ చేసినా పోదు. చింతపండు, నిమ్మరసం, వెల్లుల్లి, వెండి చెంచా పరీక్ష, ఏదీ పనికిరాదు. నీళ్లు ఎర్రగా ఉంటేనే విషం అన్నదీ నిజం కాదు, అద్దంలా తేటగా ఉన్న నీళ్లలోనూ ఉంటుంది. మసల్స్ విషాన్ని అన్నిటికంటే తొందరగా పట్టుకుంటాయి. అందుకే ఆరోగ్య శాఖవాళ్లు వాటినే బోనుల్లో వేలాడదీసి కాపలాగా పెట్టి పరీక్షిస్తుంటారు. బటర్ క్లాము దానికి వ్యతిరేకం: ఒకసారి పట్టిన విషాన్ని ఏడాది దాకా వదలదు, ముఖ్యంగా అది నీళ్లు పీల్చే గొట్టం నల్ల కొసలో.

కాబట్టి చేయాల్సిన పని ఒక్కటే. బయల్దేరే ముందు వాషింగ్టన్ ఆరోగ్య శాఖ షెల్‌ఫిష్ సేఫ్టీ మ్యాపులో మీ బీచి తెరిచి ఉందో లేదో చూడండి. నిన్న చూసింది చెల్లదు. సీజన్ ఉందని ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సైటు చెప్పినా, ఆరోగ్య శాఖ మూసేస్తే మూసినట్టే. తిన్నాక పెదాలో నాలుకో జిమ్మంటే "మసాలా ఎక్కువైంది" అనుకోకుండా వెంటనే 911కు ఫోన్ చెయ్యండి.

రెండోది విబ్రియో అనే బ్యాక్టీరియా. వేడి నీళ్లలో, ఎండ తగిలే ఒడ్డున విపరీతంగా పెరుగుతుంది. 2021 జూన్ చివర రికార్డు ఎండలు కాసినప్పుడు ఈ తీరంలో గుల్లలు ఉన్నచోటే లెక్కలేనన్ని చచ్చాయి, ఆ జూలైలో పచ్చి ఆయిస్టర్లు తిని జబ్బుపడ్డవాళ్లూ బాగా పెరిగారు. విబ్రియో ఉడికిస్తే చస్తుంది. లోపల 145 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి 15 సెకన్లు తగలాలి. వేసవిలో ఆయిస్టర్ పచ్చిగా తినొద్దని నా గట్టి సలహా. నీళ్లు అప్పుడే వదిలిన చోటువే తీసి, వెంటనే ఐసు మీద పెట్టండి, ఎండలో మూడు గంటలు పడున్నవాటి జోలికి పోకండి.

క్లాములు తవ్వడం

సామాను పెద్దగా అక్కర్లేదు: నాలుగు పళ్ల చేతి గొర్రు, చిన్న పార, మనిషికో బకెట్ లేదా వల సంచి, రబ్బరు బూట్లు, కొలత పలక. మోకాళ్ల కింద వేసుకోవడానికి పాత స్పాంజి ముక్క ఉంటే ఆ సాయంత్రం మీ నడుము మీకు దండం పెడుతుంది.

మెత్తటి బురద వదిలి, గులకరాళ్లూ ఇసుకా కలిసిన చోటు పట్టుకోండి. నడుస్తుంటే సన్నటి నీటి చిమ్మట్లు లేస్తాయి, ఇసుక మీద చిన్నచిన్న బెజ్జాలు కనబడతాయి. ఒడ్డుకు సగం ఎత్తున, పై రెండు నుంచి నాలుగు అంగుళాల్లోనే మనీలా క్లాములు గుంపులుగా ఉంటాయి. వీటికి పార వద్దు. గొర్రు పళ్లు నేలకు ఆనించి మీ వైపు మెల్లగా లాగండి. రాయి తగిలితే మొద్దుగా ఆగుతుంది, పెంకు తగిలితే "టిక్" మని వేళ్లకు తెలుస్తుంది. అప్పుడు గొర్రు పక్కన పెట్టి చేత్తో తియ్యండి. ఒకటి దొరికితే దాని చుట్టూ జానెడు మేర ఇంకా ఉన్నట్టే, వేరేచోటికి లేవకండి. మనీలా అసలు ఇక్కడిది కాదు. జపాన్ నుంచి తెచ్చిన ఆయిస్టర్ విత్తనంతోపాటు 1930లలో తెలియకుండా వచ్చి స్థిరపడింది.

ఇక్కడి సొంత లిటిల్‌నెక్ కొంచెం దిగువన, ఆరు నుంచి పది అంగుళాల లోతులో ఉంటుంది. గుండ్రంగా ఉంటుంది, పెంకు మీద గళ్లు గీసినట్టుంటుంది. బటర్ క్లాము ఒడ్డుకు అడుగుభాగంలో, అడుగు నుంచి అడుగున్నర లోతు. దానికి పార తప్పదు. మన గొయ్యిలోకి నీళ్లు ఊరుతుంటే అడుగున చేత్తో తడమాలి. విషం నిలవుంచుకునే రకం కాబట్టి కొత్తవాళ్లు బటర్ జోలికి వెళ్లకపోవడమే మంచిది. కాకిల్ పైపైనే ఉంటుంది, పెంకుకు విసనకర్రలాంటి గట్లు. రుచి బాగుంటుంది గానీ కడుపునిండా ఇసుక.

పార పెంకు మీద పడి విరిగితే అది కూడా మీ లెక్కలోకే వస్తుంది. అంగుళంన్నర లేనివాటిని ఎక్కడ తీశారో అక్కడే, మట్టి కింద వాలుగా పెట్టండి. ఇసుక మీద వదిలేస్తే సీగల్స్‌కి విందు. తర్వాత గొయ్యి పూడ్చాలి. ఇది మర్యాద కోసం పెట్టిన మాట కాదు, చట్టం. గొయ్యి పక్క పోసిన మట్టి కుప్ప కింద పిల్ల క్లాములు ఊపిరాడక చస్తాయి. వాటికి పైకి తవ్వుకునే బలం ఉండదు. తవ్వడానికి ఓపిక ఉన్న మనవాళ్లు పూడ్చే టైముకు ఫొటోలు దిగుతూ కనిపిస్తారు, అదే బాధ.

ఆయిస్టర్లు

తవ్వే పని లేదు, రాళ్ల మీద, బురద మీద పరుచుకుని ఉంటాయి. మీకు దొరికేది దాదాపు ఎప్పుడూ పసిఫిక్ ఆయిస్టర్, ఇదీ జపాన్ నుంచి వచ్చిందే. ఇక్కడి సొంత ఒలింపియా ఆయిస్టర్ చాలా చిన్నది. రెండున్నర అంగుళాల నియమం ఉండబట్టి అది బతికిపోతోంది.

ఇక్కడి నియమం ఏమిటంటే, ఆయిస్టర్‌ని బీచిలోనే ఒలిచి, కండ సీసాలో వేసుకుని, పెంకును తీసినచోటే, అదే ఎత్తులో వదలాలి. ఆయిస్టర్ పిల్లలు ఈదుతూ వచ్చి అతుక్కునేది పాత పెంకులకే. మీరు ఇంటికి తెచ్చి చెత్తబుట్టలో వేసే పెంకు మీద ఇప్పటికే కంటికి ఆనని పిల్లలు పది అతుక్కుని ఉండొచ్చు.

ఒలవడం ఇలా. ఎడమచేతికి మందపాటి గ్లవ్ వేసుకోండి. లోతుగా ఉన్న చిప్ప కిందికి, చదునైనది పైకి ఉండేలా, కీలు మొన మీ వైపు తిరిగేలా పట్టుకోండి. మొండి కత్తి కొసను కీలు సందులో పెట్టి, బలంగా పొడవకుండా, నొక్కుతూ అటూ ఇటూ కదపండి. సందు దొరికిందని చేతికి తెలుస్తుంది, అప్పుడు తాళంచెవిలా తిప్పితే "ఠక్" మని ఊడుతుంది. కత్తిని పై చిప్పకు ఆనించి కుడివైపుకు జరిపితే దాన్ని మూసి ఉంచే కండరం తెగుతుంది, మూత చేతికొస్తుంది. ఇక కింద కూడా అలాగే కోసి, కండను రసంతోపాటు సీసాలోకి జార్చడమే.

జూన్ చివర నుంచి ఆగస్టు దాకా తెరిచి చూస్తే కండ తెల్లగా, పాలు కారుతూ, జావగా ఉంటుంది. గుడ్ల మీద ఉందన్నమాట. విషమేమీ కాదు, రుచి మాత్రం ఉండదు. గుడ్లు వదిలేశాక ఇంకా పల్చబడి నీరు తేలుతుంది. అక్టోబరు దాటాక మళ్లీ కోలుకుని, చలి ముదిరేసరికి గట్టిపడి తియ్యగా అవుతుంది. ఏప్రిల్, మే దాకా ఆ బలం ఉంటుంది. నీళ్లు చల్లగా ఉండటం, పగటి ఆటు, కండ గట్టిదనం అన్నీ కలిసేది ఆ రెండు నెలల్లోనే.

మసల్స్, రేజర్లు

మసల్స్ రాళ్లకు గుత్తులుగా అతుక్కుని ఉంటాయి. గుత్తి మొత్తం పీకకండి, పెద్దవాటిని ఒక్కొక్కటిగా మెలితిప్పి లాగితే చుట్టూ ఉన్నవి కదలవు. తారు, క్రియోసోట్ (కట్టె పుచ్చకుండా పూసే రసాయనం) పూసిన పాత కట్టె స్తంభాల మీదివి, మెరీనాల దగ్గరివి వద్దు. వసంతం చివర గుడ్లు వదిలాక సన్నబడతాయి, చలికాలంలోనూ వసంతం మొదట్లోనూ బాగుంటాయి. విషాన్ని మొదట పట్టేవి ఇవే అన్న మాట మాత్రం మర్చిపోకండి.

రేజర్ క్లాములు పసిఫిక్ సముద్రం వైపు, లాంగ్ బీచ్, కోపాలిస్ లాంటి చోట్ల. వాటి కథే వేరు: శరత్తు నుంచి వసంతం దాకా, ప్రభుత్వం ప్రకటించిన రోజుల్లోనే తవ్వనిస్తారు. మొదట దొరికిన 15, చిన్నదైనా విరిగినదైనా, లెక్కలోకే. అక్కడ చూడాల్సిన విషం డొమోయిక్ ఆసిడ్, అదీ ఉడికిస్తే పోదు.

ఇంటికొచ్చాక

మంచినీళ్లలో నానబెట్టకండి, చచ్చిపోతాయి. లీటరు నీళ్లకు 30 గ్రాముల ఉప్పు కలిపి, లేదా బీచి దగ్గరే ఒక బకెట్ సముద్రపు నీళ్లు తెచ్చుకుని, చల్లటి చోట ఉంచండి. మనీలాకు మూడు నాలుగు గంటలు చాలు. కాకిల్స్‌ని రాత్రంతా ఉంచి ఒకసారి నీళ్లు మార్చాలి. తర్వాత ఫ్రిజ్‌లో గిన్నెలో వేసి తడిగుడ్డ కప్పండి. మూత పెట్టొద్దు, ప్లాస్టిక్ సంచిలో బిగించొద్దు. వండే ముందు నోరు తెరిచి ఉన్నదాన్ని తట్టండి. మూసుకుంటే బతికుంది, మూసుకోకపోతే పారెయ్యండి.

కాకినాడ అఖాతంలో గుల్లలు ఎక్కువగా సున్నం బట్టీలకే పోయేవి కాబట్టి మన ఇళ్లలో క్లాముల వంటకం పెద్దగా పాతుకోలేదు. రొయ్యల ఇగురు పద్ధతే దీనికి సరిపోతుంది. ముందు క్లాముల్ని చుక్క నీళ్లతో మూతపెట్టి ఐదారు నిమిషాలు ఉడికించి, నోరు విప్పినవాటి కండ తీసుకుని, ఆ నీళ్లు గుడ్డలో వడగట్టి ఉంచుకోండి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు, అల్లంవెల్లుల్లి వేగాక టమాటా, కారం, ఆ నీళ్లూ పోసి దగ్గరికి రానిచ్చి, చివరి రెండు నిమిషాల్లో కండ వెయ్యండి. ముందే వేస్తే రబ్బరవుతుంది. ఉప్పు ఆఖరున రుచి చూసి వెయ్యండి, ఆ నీళ్లలోనే చాలినంత ఉంటుంది. మిగిలిన కండను అదే నీళ్లలో ముంచి ఫ్రీజర్‌లో పెడితే రెండు మూడు నెలలు ఎండిపోకుండా ఉంటుంది. డబ్బా మీద తేదీ, బీచి పేరు రాసి పెట్టుకుంటే, తర్వాత ఆ బీచి మూసేశారన్న వార్త వచ్చినప్పుడు ఏ డబ్బా పారెయ్యాలో వెతుక్కోనక్కర్లేదు.